చెంచా దెబ్బ పడిన చోటు

రాయ్‌పూర్‌లో డచ్ మాట్లాడే పరీక్ష ముగించుకొని బస్సు ఎక్కుతుంటే అమ్మ ఫోన్ చేసింది. మేముండే లింగియాడీహ్‌లో పక్కింటి తాతయ్య పోయారు. పరీక్ష బాగా చేశానని ముందుగా చెప్పాలనుకున్నది ఆయనకే.

రైల్వేలో పనిచేసినన్నాళ్లూ, ఆగిన బళ్ల చక్రాలను సుత్తితో కొట్టి, మోత విని పగుళ్లు కనిపెట్టిన మనిషాయన. డచ్ అక్షరం ముక్క రాదు. అయినా నాకు డచ్ నేర్పింది ఆయనే. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

ఇంటి నుంచే డచ్ వాళ్లతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగం నాది కావాలంటే ఆ పరీక్ష గట్టెక్కాలి. ఒకసారి తప్పాను. మిగిలింది ఒక్క అవకాశమే. వాళ్లు రెండు మాటలు అతికించి ఒక పొడుగు మాట చేస్తారు. దాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్క ముక్కనే నొక్కి పలకాలి. నేనేమో అన్నిటినీ ఎక్కం అప్పజెప్పినట్టు ఒకేలా అనేదాన్ని.

ఫోన్లో పాఠం పెట్టి నేను వల్లించడం గోడ అవతలి నుంచి తాతయ్యా మామ్మా వినీ వినీ, ఓ సాయంత్రం ఆయనే స్టీలు గ్లాసు, చెంచా పట్టుకొని వచ్చారు.

"ఏటమ్మా, అన్నీ ఒకేలాగ మోగిస్తన్నావు? ఫోన్లో ఆవిడ అలాగనట్లేదు కదా."

ఫోన్లో 'జీకన్‌హాయిస్' వినిపించాను. ఆసుపత్రి అని అర్థం. కళ్లు మూసుకొని విని, 'జీ' దగ్గర గట్టిగా, మిగతా రెండింటి దగ్గర తేలిగ్గా కొట్టారు. సరిగ్గా అంతే. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

తర్వాత 'స్టాట్‌హాయిస్', అంటే ఊరి మునిసిపల్ ఆఫీసు. ఈసారి గట్టి దెబ్బ రెండో ముక్క మీద పడింది.

"మొదటిదే నొక్కాలి తాతయ్యా, రూలు."

"అచ్ఛా. రూలు నువ్వు సదువుకున్నావు, నేను ఇన్నాను. మళ్లీ పెట్టు."

మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ చెంచా అక్కడే పడింది. పుస్తకం తిరగేస్తే, ఆ మాటకు రూలు వర్తించదని చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది. ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. ఆయన మాత్రం, "చక్రం కాగితం సూసి మోగదమ్మా" అని టీ అడిగారు.

పరీక్షలో ఆ మాటే వచ్చింది. బల్ల కింద వేలితో కొట్టుకొని మరీ చెప్పాను.

ఆయన పన్నెండో రోజున ఫలితం వచ్చింది. పరుగున పక్కింటి వంటగదిలోకి వెళ్లాను. మామ్మ గ్లాసులు తుడుస్తోంది.

"మామ్మా, పాసయ్యాను."

"ఏ మాట అడిగారేటి?"

ఆత్రంలో మొదటి ముక్కనే నొక్కి 'స్టాట్‌హాయిస్' అనేశాను.

మామ్మ తల తిప్పలేదు. చెంచా అందుకొని చేతిలో గ్లాసు మీద రెండు దెబ్బలు వేసింది. మొదటిది తేలిగ్గా, రెండోది గట్టిగా.