టీ పళ్లెం చెప్పిన నంబరు

కంప్యూటర్లు బాగుచేసే ఆవిడను వీధంతా మిణుగురు పిన్ని అంటారు. చచ్చిపడిన లాప్‌టాప్ వస్తే ఆవిడ వెంటనే స్క్రూడ్రైవర్ ముట్టుకోదు. క్యాప్స్‌లాక్ లైటు ఎన్నిసార్లు మిణుకుమంటుందో లెక్కపెడుతుంది. ఆ లెక్కలోనే రోగం పేరుంటుంది. ఆవిడ గడప దాటగానే కొన్ని లాప్‌టాప్‌లు భయపడి వాటంతటవే లేచి కూర్చుంటాయని కూడా చెప్పుకుంటారు. అందులో సగమే అబద్ధం.

ఆ మధ్యాహ్నం, బడిలో సంగీతం చెప్పే వాళ్ల బావ రొప్పుతూ వచ్చాడు. చంకలో లాప్‌టాప్, ఒంటిమీద సగం ఇస్త్రీ అయిన చొక్కా.

“ఐదింటికి నలభైమంది పిల్లలు పాడాలి మరదలా. వాయిద్యాలన్నీ దీంట్లోనే రికార్డు చేసుకున్నాను. స్క్రీన్ వెలగడం లేదు.”

“ఏం చేశావు బావా?”

“ఏమీ లేదు. అప్‌డేట్ అవుతోంది, ప్లగ్గు తీయొద్దు అంది.”

“తీశావు.”

“ఇస్త్రీపెట్టె పెట్టుకోవాలి కదా. దీని బ్యాటరీ పోయి ఏడాదైంది.”

పిన్ని ప్లగ్గు పెట్టి పవర్ నొక్కింది. లైటు రెండుసార్లు మిణుకుమంది.

“నీ పాటలకేం కాలేదు. నిద్ర ఎలా లేవాలో మెషిన్‌కి చెప్పే రాత ఒకటుంటుంది, బయోస్ అని. అది సగం రాసుకునేసరికి నువ్వు పెన్ను లాక్కున్నావు.”

పిన్ని తన కంప్యూటర్లో కంపెనీవాళ్ల రికవరీ సాఫ్ట్‌వేర్ తెరిచింది. లాప్‌టాప్ అడుగున స్టిక్కరు మీదున్న మోడల్ నంబరు కొట్టి పెన్‌డ్రైవ్ తయారుచేసింది. దాన్ని గుచ్చి, కంపెనీవాళ్లు చెప్పిన రెండు మీటలూ నొక్కిపట్టి పవర్ నొక్కింది. ఫ్యాను గుర్రుమంది. మళ్లీ రెండు మిణుకులు. ఇంకోసారి చేసినా అవే రెండు. టైము మూడున్నర.

“పోనీలే, వాయిద్యాలన్నీ నేనే నోటితో వాయిస్తాను,” అన్నాడు బావ.

“ఆ పిల్లలు నీకేం అపకారం చేశారు?”

అంటూ టీ గ్లాసు అందుకోబోయి, దాని కిందున్న నల్ల పళ్లెం చూసి ఆగిపోయింది. గ్లాసులు దించి పళ్లేన్ని తిరగేసింది. మూడేళ్ల కిందట బావ మెట్లమీంచి దొర్లించిన ఈ లాప్‌టాప్ అడుగు మూతే అది. మూల విరిగిందని తీసేసి, అదే వరుసలో ఇంకో మోడల్ మూత బిగించింది తనే. ఇంతసేపూ చదివింది ఆ పరాయి మూత మీది స్టిక్కరు.

“అంటే మూడేళ్లుగా నా లాప్‌టాప్ మీద టీలు తాగుతున్నావా?”

“నీకూ పోశానుగా.”

టీ మరకలు తుడిస్తే అసలు నంబరు బయటపడింది. తేడా ఒక్క అక్షరం. కొత్తగా చేసిన పెన్‌డ్రైవ్ గుచ్చగానే స్క్రీన్ మీద పచ్చగీత పాకడం మొదలెట్టింది. అది కొసకు చేరేదాకా బావ ఇస్త్రీపెట్టె మాటే ఎత్తలేదు.

లేచిన లాప్‌టాప్‌ని అతను లాక్కోబోతే చేతిమీద ఒక్కటిచ్చి, పిన్ని కంపెనీ పరీక్షలన్నీ నడిపింది. మెమరీ బాగుంది, డిస్క్ బాగుంది. బ్యాటరీ మార్చమంది.

“ఇవాళ్టికి బ్యాటరీ లేదు. ప్లగ్గుకి కాపలా నేనే,” అని కొట్టు మూసి వెంట వెళ్లింది.

ఐదింటికి నలభై గొంతులు హాలు కప్పు లేపేస్తుంటే, పిన్ని వేదిక పక్కన ముక్కాలిపీట మీద ప్లగ్గు పట్టుకుని కూర్చుంది. బడి పెద్దమేడం పెడెస్టల్ ఫ్యాను వైరు పట్టుకుని అటే వచ్చింది. పిన్ని ఒక్క చూపు చూసింది. పెద్దమేడం వైరు చుట్టుకుని, ప్రోగ్రాం పేపరుతో విసురుకుంటూ వెళ్లి ముందు వరసలో కూర్చుంది.