ఒళ్ళో కూర్చున్న అక్షరాలు

మా వదిన మొదట బస్సు కండక్టరు. పదిహేడేళ్ళు నిలబడి టిక్కెట్లు కొట్టాక మోకాళ్ళు మొరాయించాయి. అప్పుడు ఆమెను బస్టాండులోనే, మూడో ప్లాట్‌ఫారం వెనక ఉన్న పోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. బస్సుల్లో జనం మరిచిపోయినవన్నీ అక్కడికి చేరతాయి. నూట ఇరవై ఇనుప అరలు, ఒక్కొక్కదానికి తెల్లరంగుతో నంబరు, ముందు ఒక కిటికీ, కిటికీ పక్కన నల్లబల్ల. ఏ సామాను ఏ అరలో ఉందో వదిన ఆ బల్ల మీద సుద్దతో రాసేది. ఉద్యోగం మారినా పేరు మారలేదు. మెకానిక్కు దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆమె కండక్టరమ్మే.

ఆ గదంటే ఎందుకంత ఇష్టమని ఒకసారి అడిగాను.

“టిక్కెట్టు ఇస్తే ఎవడైనా నవ్వాడా మరిదీ? మొహం మాడ్చుకునేవాళ్ళే అందరూ. ఇక్కడ చూడు, పోయిన చెప్పుల జత చేతికిస్తే చాలు, ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూస్తారు” అంది.

పదకొండేళ్ళలో అలాంటి మొహాలు ఎన్ని వేలు చూసిందో. ఎదురుగా ఉన్న బెంచీ మీద పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి కాబట్టి నేనూ కొన్ని చూశాను. మా ఇంటికంటే అక్కడ ఫ్యాను బాగా తిరిగేది.

ఇంతలో నల్లబల్ల తీసేసి కంప్యూటరు తెర పెట్టారు. సూపరింటెండెంటు గారికి ఆ తెరంటే పంచప్రాణాలు. పొద్దున రాగానే తన జేబురుమాలుతో తనే తుడిచేవాడు. తెరతో పాటు కొత్త పద్ధతి కూడా వచ్చింది. వదిన లోపల అద్దాల గదిలో కూర్చుని సామాన్ల పేర్లు, అరల నంబర్లు కంప్యూటరులో కొట్టాలి. వచ్చినవాళ్ళు తెర మీద చూసుకుని కిటికీ దగ్గర నంబరు చెప్పాలి. కిటికీలో ఉండే పెద్దాయన, ఆయన్ని అందరూ అరల మామ అంటారు, ఆ అరలో ఉన్నది తెచ్చివ్వాలి. ఏం పోయింది, ఎలా ఉంటుంది అని అడగకూడదు. అడిగితే ఆలస్యమట.

పైనుంచి ఇంకో కాగితం కూడా వచ్చింది. తెర వచ్చాక కూడా ఒక నెలలో పది ఫిర్యాదులు వచ్చాయంటే, ఆ గది దండగ అని లెక్క. మూసేసి, సామాన్లనూ సిబ్బందినీ ఊరి చివర గోదాముకు పంపుతారు. గోదాముకు కిటికీ ఉండదు. సామాన్లు పార్సిలు కట్టి ఇళ్ళకు పంపడమే. మనిషన్నవాడు కనపడడు.

“పది ఫిర్యాదులా! పదకొండేళ్ళలో నాకు మూడొచ్చాయి. అందులో ఒకటి ఫ్యాను గురించి” అని వదిన నవ్వేసింది.

మొదటి వారంలోనే ఆ నవ్వు పోయింది.

తెర మీద మూడు నిలువు వరసలు: సామాను, అర, తేదీ. పైన ఆ మాటలు కదలకుండా ఉంటాయి. కింద అంకెలే ఒక చోట నిలిచేవి కావు. ఒక పంక్తిలో అర నంబరు పేరును ఒరుసుకుంటూ ఎడమకు జరిగిపోయేది, దాని వెనకే తేదీ వచ్చి సరిగ్గా ‘అర’ అన్న మాట కింద నిలబడేది. జనం ఏం చేస్తారు? ‘అర’ కింద ఏ అంకె ఉంటే అదే చెప్పేవారు. ఒక డాక్టరు గారు స్టెతస్కోపు కోసం వచ్చి, పన్నెండు అన్నాడు. అరల మామ పన్నెండో అరలో ఉన్న పిల్లల ఈల తెచ్చిచ్చాడు.

“ఏమయ్యా, ఇది గుండెకు పెట్టి చూడనా?” అని డాక్టరు కేకలేశాడు.

“అదంతా నాకు తెలీదండీ. నంబరు చెప్పారు, ఇచ్చాను. అడగకూడదని రూలు” అన్నాడు మామ. ఆయనకు రూళ్ళంటే మహా ఇష్టం, పని తగ్గించేవైతే.

అది మొదటి ఫిర్యాదు. పది రోజుల్లో ఏడయ్యాయి.

వదిన అద్దం వెనక నుంచి తెరను రెండు రోజులు కన్నార్పకుండా చూసి ఒకటి కనిపెట్టింది. ‘పలక’ అని ఉన్న పంక్తి మాత్రం నిటారుగా ఉంది. గుడులూ కొమ్ములూ వత్తులూ ఉన్న పేర్ల దగ్గరే అంకెలు జారుతున్నాయి. అయితే వత్తులు లేకుండా రాస్తే సరి అనుకుంది. అక్కడే పప్పులో కాలేసింది. కళ్ళజోడును ‘నయన పలక’ అని రాసింది. చెప్పుల జతను ‘పదకవచ జత’ అంది. పళ్ళసెట్టును ‘దంత వరస’ చేసింది. అంకెలన్నీ సైనికుల్లా నిలబడ్డాయి. తెర కళకళలాడింది. సూపరింటెండెంటు గారు రెండుసార్లు తుడిచాడు.

చెప్పులు పోగొట్టుకున్నాయన మాత్రం అరగంట తెర ముందు ఒంటికాలి మీద కొంగలా నిలబడి, “నా చెప్పులు ఇందులో లేవు. ఇదేమన్నా పద్యాల పోటీయా?” అని ఎనిమిదో ఫిర్యాదు రాశాడు. పళ్ళసెట్టు తాలూకు ఆవిడ తొమ్మిదోది రాసింది. ఆవిడ నోటితో చెప్పలేకపోయింది కాబట్టి రెండు పేజీలు రాసింది.

నెలాఖరుకు ఇంకా ఐదు రోజులున్నాయి.

తెర తయారుచేసిన ప్రోగ్రామరుకు నలభై దాటాయి. ఎప్పుడూ బుగ్గన లవంగం ఉంటుంది కాబట్టి అందరూ లవంగం అనేవారు. వదిన అతన్ని పట్టుకుంది.

“నాయనా, నీ తెర వంకరపోతోంది.”

“నా లెక్క సరిగ్గానే ఉందమ్మా. పేరుకు ఇరవై గడులిచ్చాను. పేరులో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టి, మిగతా గడులు ఖాళీగా వదిలి, ఆ తర్వాత అర నంబరు వేస్తుంది.”

“మరి వంకరెందుకు పోతోంది?”

“చూడాలంటే ప్రోగ్రాం తెరవాలి. వరసలు వంకరున్నాయని ప్రయాణికుడు రాసిన ఫిర్యాదుంటే తప్ప తెరవకూడదని మా కంపెనీ రూలు. మీకొచ్చినవన్నీ సామాను మారిందనో దొరకలేదనోగా. పైగా ముప్పయ్యో తేదీతో నా కాంట్రాక్టు అయిపోతుంది. తర్వాత మీ అదృష్టం.”

వదిన ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంగతంతా చెప్పింది. వంకర బాగుపడాలంటే ఒక ఫిర్యాదు కావాలి. ఆ ఫిర్యాదు పదోది. పదోది వస్తే గది ఉండదు.

“నోరు మూసుకుని ఊరుకో. ఈ నెల గడిచిపోతుంది” అన్నాడు మా అన్నయ్య. ఆయనకు ఫొటో స్టూడియో ఉంది. చొక్కా ఇస్త్రీ నలిగితే ఆ రోజంతా ఆయన మనిషి కాదు.

“వచ్చే నెలో? తెర వంకరగానే ఉంటే పది కాదు, ఇరవై వస్తాయి. అప్పుడు బాగుచేసే దిక్కు కూడా ఉండదు. ఉన్నన్నాళ్ళు ఒకళ్ళ ఈల ఇంకొకళ్ళకిస్తూ కూర్చోనా?”

మర్నాడు, అంటే ఇరవై ఏడున, అన్నయ్య బనీనుతో ఇల్లంతా తిరుగుతున్నాడు.

“ఇస్త్రీ పెట్టె ఏదే?”

“బస్సులో మరిచిపోయి వస్తాను” అంది వదిన, సంచీ భుజాన వేసుకుంటూ.

“మరిచిపోయి వస్తావా?”

“ఇంకా మరిచిపోలేదు. ఇప్పుడు వెళ్ళి మరిచిపోవాలి.”

అన్నయ్య నావైపు తిరిగి, “ఇదేమైనా అర్థమైందా నీకు?” అన్నాడు. నేను పుస్తకంలోకి తల దించుకున్నాను.

ఆమెకు ఉద్యోగుల పాసుంది. అయినా ప్రయాణికురాలు కావాలంటే టిక్కెట్టు ఉండాలని, ఒక స్టాపుకు కొనుక్కుంది. టిక్కెట్టు కొట్టిన కండక్టరు ఆమె చేతి కింద పని నేర్చుకున్నవాడు. భయపడి లేచి నిలబడ్డాడట. ఇస్త్రీ పెట్టెను సీటు కింద పెట్టి ఆమె దిగిపోయింది. అది సాయంత్రానికి గదికి చేరింది. తనే తీసుకుని, తొమ్మిదో అరలో పెట్టించి, ఇరవై ఏడో తేదీ వేసి, తనే తెర మీదకు ఎక్కించింది.

ఇరవై ఎనిమిదిన సెలవు పెట్టి కిటికీ బయట నిలబడింది. తెర మీద ఇస్త్రీ పెట్టె పంక్తిలో ‘అర’ కింద ఇరవై ఏడు ఉంది.

“ఇరవై ఏడు” అంది.

అరల మామ తల గోక్కున్నాడు. “అమ్మాయ్, నీ ఇస్త్రీ పెట్టె తొమ్మిదిలో ఉందిగా. నువ్వే పెట్టించావు.”

“నంబరు చెప్పాను. అడగకూడదని రూలు.”

మామ వెళ్ళి ఒంటి చంకకర్ర తెచ్చిచ్చాడు. వదిన దాన్ని చంకలో పెట్టుకుని, అలాగే నడిచి వెళ్ళి, తెర మీద వరసలు వంకరగా ఉన్నాయని పదో ఫిర్యాదు రాసింది. సూపరింటెండెంటు గారు కాగితం చూశాడు, కర్ర చూశాడు.

“కండక్టరమ్మా, ఇది పదోది. మీ గదిని మీరే మూసుకుంటున్నారు.”

“తెలుసండీ. ముద్ర వేయండి.”

ముద్ర పడగానే లవంగం ప్రోగ్రాం తెరిచాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా తెరిచి చూస్తూనే ఉన్నాడు. అందులో తప్పేమీ కనపడలేదు.

“ఇస్త్రీ పెట్టె. ఎన్ని అక్షరాలు నాయనా?” అంది వదిన.

“పద్నాలుగు.”

“నాలుగు!”

“మీ కంటికి నాలుగమ్మా. యంత్రానికి ‘స్త్రీ’ ఒక్కటే ఆరు. సకారం, తకారం, రకారం, వాటిని కలిపే గుర్తులు రెండు, గుడి ఒకటి. మధ్యలో ఉన్న ఖాళీ కూడా ఒకటి.”

“అవి నిలబడేది ఒక్క అక్షరం చోటులోనేగా?”

“అయితే? ఉన్నవి ఆరేగా.”

వదిన కుర్చీ దగ్గరకు లాక్కుంది. “చూడూ, నా బస్సులో ఒకావిడ ఎక్కింది. ఒళ్ళో ఒక పిల్ల, చంకలో ఇంకోడు. ఎన్ని సీట్లు?”

“ఒకటి.”

“నువ్వు మూడు లెక్కకట్టి, బస్సు నిండిందని ఖాళీలను దింపేస్తున్నావు, వెనకనున్న అంకెలు ముందుకు జరిగిపోతున్నాయి. వత్తులూ గుడులూ ఒళ్ళో పిల్లలయ్యా! తలలు కాదు, సీట్లు లెక్కపెట్టు.”

లవంగం నమలడం ఆపాడు. తెర మీద చివరి పంక్తి చూపించాడు. హాల్లో ఒక యంత్రం ఉండేది. వస్తువు పోగొట్టుకున్నవాళ్ళు దాని పేరు తమ భాషలో కొట్టుకోవచ్చు. దొరికినప్పుడు వదిన దాని పక్కన అర నంబరు వేసేది. ఎవరో దూరదేశం మనిషి పది చదరపు అక్షరాలు కొట్టి వెళ్ళాడు. కిటికీల్లాగా, పెట్టెల్లాగా ఉన్నాయి.

“మరి ఇదేమిటి? దీని అంకెలు కుడివైపుకు పారిపోయాయి. దీనికి పిల్లలే లేరు.”

వదిన కళ్ళద్దాలు పైకి తోసుకుంది. “ఒక్కొక్కడు రెండు సీట్లు ఆక్రమించే భారీ మనుషులు వీళ్ళు. నువ్వు ఒక్కొక్క సీటే రాశావు. ఇరవై సీట్లకూ ఆ పదిమందే సరిపోయారు. నువ్వేమో ఇంకా పది ఖాళీలున్నాయని వాళ్ళ వెనక పెట్టావు. వెనకనున్న అంకెలు బస్సులోంచి కిందపడక ఏం చేస్తాయి?”

లవంగం లేచి ఆమెకు దణ్ణం పెట్టి, తలుపేసుకుని పనిలో కూర్చున్నాడు.

ముప్పయ్యో తేదీ మూడు గంటలకు తెర బాగుపడింది. ఏ పేరు ఎంత బరువుగా ఉన్నా అంకెలు గీత గీసినట్టు ఒకదాని కింద ఒకటి. సూపరింటెండెంటు గారు తుడవడం మరిచిపోయి చూస్తూ నిలబడ్డాడు. ఐదింటికి ఫిర్యాదుల కట్ట పైకి వెళ్ళాలి. ఈలోగా ఆయన రూళ్ళ పుస్తకం తిరగేసి, ఒక మూల వేలు పెట్టాడు.

“వస్తువు చేతికందితే ఫిర్యాదు చేసినవాళ్ళే వెనక్కి తీసుకోవచ్చట. కండక్టరమ్మా, వెళ్ళి మీ ఇస్త్రీ పెట్టె తెచ్చుకోండి. త్వరగా!”

వదిన కిటికీ బయటకు పరుగెత్తినంత పని చేసింది. “తొమ్మిది!”

అరల మామ వెళ్ళాడు. ఒట్టి చేతులతో వచ్చాడు.

“లేదమ్మాయ్.”

“లేకపోవడమేమిటి మామా?”

“నిన్న ఒకాయన వచ్చి వేళ్ళతో తొమ్మిది చూపించాడు. ఇచ్చేశాను. మన భాష రాదాయనకు.”

అందరం తెర వైపు తిరిగాం. చదరపు అక్షరాల పంక్తిలో ‘అర’ కింద ఇప్పుడు తొంభై రెండు అని నిండుగా ఉంది. నిన్న అందులో రెండు అన్న అంకె తెర అంచు అవతల పడిపోయి, తొమ్మిది ఒక్కటే కనపడింది. పాపం ఆ మనిషి కనపడిందే చూపించాడు.

సూపరింటెండెంటు గారు కుర్చీలో కూలబడ్డాడు. “అతను గానీ వస్తే పదకొండోది.”

నాలుగున్నరకు అతను రానే వచ్చాడు. ఓడలో వంటమనిషి అనుకుంటాను, తెల్లకోటు వేసుకున్నాడు. ఆ కోటు మీద మడత ఒక్కటి లేదు. చేతిలో మా ఇస్త్రీ పెట్టె. దాన్ని కిటికీ మీద పెట్టి, కోటు చూపించి, చాలా బాగా పనిచేసిందన్నట్టు తలూపాడు. ఆ తర్వాత గాలిలో ఏదో తరుగుతున్నట్టు చెయ్యి ఆడించి, అది మాత్రం రాలేదని అరచేతులు చాపాడు.

వదిన మాట్లాడకుండా అతని భుజం పట్టి తెర వైపు తిప్పింది. అతను తన అక్షరాలు వెతుక్కుని, ఈసారి తొమ్మిది వేళ్ళు, ఆపైన రెండు వేళ్ళు చూపించాడు. మామ తొంభై రెండో అరలోంచి పొడవాటి చెక్కపెట్టె తెచ్చాడు. అతను మూత తెరిచి, కత్తులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని, తలెత్తాడు. అద్దాల గదిలోంచి అయితే ఆ మొహం వదినకు కనపడేది కాదు. ఆమె అక్కడే నిలబడి తనివితీరా చూసింది. పనివేళలో కిటికీ బయట ఉద్యోగులు నిలబడకూడదు. సూపరింటెండెంటు గారు చూసీ చూడనట్టు కలం అందించాడు. వదిన తన ఫిర్యాదు మీద ‘వస్తువు అందినది’ అని రాసి సంతకం చేసింది.

“తొమ్మిది. ఇంకో పావుగంట ఎవరూ రాకుండా ఉంటే చాలు” అన్నాడాయన.

నాలుగూ యాభై ఐదుకు ఒకావిడ వచ్చింది. లవంగంతో సహా అందరం లేచి నిలబడ్డాం. ఆవిడ మమ్మల్ని వింతగా చూసి, తెర చూసి, “ముప్పై ఒకటి” అంది. మామ గొడుగు తెచ్చిచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. విప్పింది. లోపలి ఊచలు చూసింది. ముడిచింది.

“ఫిర్యాదుల పుస్తకం ఉంటుందా?” అంది.

ఎవరమూ కదల్లేదు.

“లేకపోతే పోనీలెండి. బాగుందని రాద్దామనుకున్నాను” అని వెళ్ళిపోయింది.

సూపరింటెండెంటు గారు తొమ్మిది కాగితాలు కవరులో పెట్టి, జిగురు రాసి, ఐదు కొట్టేదాకా దాన్ని అరచేత్తో అదిమి పట్టుకుని కూర్చున్నాడు.