ఒటీలియా అరువిచ్చిన కార్డు

ఉరీబియా ఊరవతల మేకలు కాచుకునే ఒటీలియా ఇపువానా పోయిన నెల దాకా బతికే ఉంది. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ఆమె ముఖం చూసి చక్కెర జబ్బుకు సూది మందు ఇచ్చేది. ఇప్పుడక్కడ వేలిముద్రల యంత్రం పెట్టారు. ఒటీలియా వేలు పెట్టగానే, ఈ మనిషి చనిపోయిందని అది చూపించింది.

సంగతేమిటో ఆమెకు వెంటనే అర్థమైంది. నిరుడు చెల్లెలికి విషజ్వరం వచ్చింది. చెల్లెలికి గుర్తింపు కార్డు లేదు, కార్డు లేనిదే పెద్దాసుపత్రిలో చేర్చుకోరు. వయూ తెగవాళ్ళ ఇళ్ళల్లో ఒకరికి కార్డుంటే నలుగురికీ ఉన్నట్టే. ఒటీలియా తన కార్డు చెల్లెలి చేతిలో పెట్టి పంపింది. చెల్లెలు ఆసుపత్రిలో ఆ కార్డు పేరు మీదే కన్నుమూసింది.

మందు లేక ఒటీలియా కాళ్ళు వాచాయి, చూపు మసకబారింది. చెల్లెలి కూతురు నోరేలిస్ ఆమెను కార్డుల ఆఫీసుకు తీసుకెళ్ళింది. అక్కడి గుమాస్తాకు స్పానిష్ తప్ప రాదు, పెద్దమ్మకు వయూ మాట తప్ప రాదు. నోరేలిస్ ఇటు మాట అటు, అటు మాట ఇటు చెబుతూ కూర్చుంది.

"వేలు మీదేనమ్మా, కాదనను. కానీ మీరు పోయారనే ఉంది" అన్నాడు గుమాస్తా.

"ఎవరు రాశారు నాయనా? నాకూ చూపించు."

"అది మాకే కనపడదు. పైవాళ్ళ దగ్గరుంటుంది."

"మరి అంత పెద్ద పెట్టె ముందేసుకుని నీకేం కనపడుద్ది?"

"మీ కార్డు మీద పోయింది ఎవరో పేరు చెప్పండి, ఎక్కిస్తాను. కంప్యూటరు ఒప్పుకుంటే మీరు లేస్తారు."

లేస్తారట. ఎంత తేలిగ్గా అనేశాడో, వాడి నోరు పడిపోను. పోయినవాళ్ళ పేరు అయినవాళ్ళ ఎదుట పలకడం వయూలలో మహాపాపం. కడుపున పుట్టిన బిడ్డ ఎదుటైతే ఇక చెప్పనక్కర్లేదు. అందుకే ఆ పేరు నేనూ రాయడం లేదు.

"నువ్వు కాస్త బయటికెళ్ళవే" అంది ఒటీలియా.

"నేనెళితే ఆయన మాట నీకెవరు చెప్తారు పెద్దమ్మా? చెప్పెయ్. అమ్మ ఏమీ అనుకోదులే."

ఒటీలియా కళ్ళు మూసుకుని, పక్కనున్న పిల్లకు వినపడకుండా పేరు గొణిగింది.

"వినపడలేదు, ఇంకోసారి" అన్నాడు గుమాస్తా.

ఈసారి నోరేలిస్ తనే చెప్పింది. పోయిన తల్లి పేరు ఆమె నోట రావడం అదే మొదలు. చెప్పాక చేత్తో నోరు మూసుకుంది.

గుమాస్తా కంప్యూటర్లో కొట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఆ పేరుతో ఇక్కడ ఎవరూ పుట్టలేదమ్మా. పుట్టని మనిషి ఎలా చస్తుంది?"

"ఏమన్నాడే?" అని అడిగింది ఒటీలియా.

నోరేలిస్ నోటి మీది చెయ్యి తియ్యలేదు. పెద్దమ్మ ఆమె భుజం పట్టుకుని అడుగుతూనే ఉంది.