సోమవారం మడిచిన రెక్కలు

మూరెడు విమానాన్ని మడిచి, డొల్లగుండులో పెట్టి, ఫిరంగిలోంచి పేలుస్తారు. పైకెళ్ళాక గుండు రెండుగా విడిపోతుంది, స్ప్రింగులు తన్నితే రెక్కలు విచ్చుకుంటాయి, లోపలి కెమెరా కిందున్న నేలంతా చూపిస్తుంది. చెప్పడానికి మూడు ముక్కలే. ఆ షెడ్డులోని పన్నెండు మందికి ఆరేళ్ళయినా ఇంకా కుదరలేదు.

రెక్కలు మడిచేది మాస్టారు. పెద్ద చదువేం లేదు, గొడుగులు బాగుచేసుకుంటూ వచ్చినవాడు. ఇంజనీర్లు మొదట్లో ముసిముసిగా నవ్వారు. వాళ్ళు మడిచినవి నాలుగుసార్లు విరిగాక నోళ్ళు మూతపడ్డాయి. అప్పట్నుంచి మాస్టారి మాటే శాసనం. మడిచిన చెయ్యే విప్పాలి, ఇంకొకరు తాకకూడదు. మడిచింది ఒక్క రోజుకు మించి ఉంచకూడదు, నొక్కిపెట్టిన స్ప్రింగుకి బద్ధకం వస్తుందంటాడు.

అలాంటి మనిషి ఒక సోమవారం రెక్కలు మడిచి, సీలు వేసి, తేదీ రాసి ఇంటికెళ్ళేసరికి భార్యని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తెల్లారేసరికి ఆవిడ లేదు.

తొమ్మిది రోజులు అతను ఏడవలేదు. పెడితే తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు. గుండె రాయి చేసుకున్నాడని చుట్టాలన్నారు. వాళ్ళకేం, ఏదో ఒకటి అంటారు. లోపల ఎంత తడుముకున్నా అతనికి రాయి కూడా తగల్లేదు.

పదో రోజు షెడ్డుకొచ్చాడు. మర్నాడే ప్రయోగం. చూడ్డానికి డబ్బిచ్చే పెద్దలొస్తున్నారు. ఈసారీ రెక్క విచ్చుకోకపోతే షెడ్డుకి తాళమే. షెడ్డు నడిపేది అతని బావమరిది, పోయినావిడకి తమ్ముడు. వాడి కళ్ళూ నిద్రలేక పీక్కుపోయాయి.

"బావా, అంతా సిద్ధమేనా?"

"సిద్ధమే."

ఎవరైనా సీలు మీద తేదీ చూస్తే సరిపోయేది. మాస్టారి సీలుని అనుమానించేంత మొనగాడు ఆ షెడ్డులో లేడు. కొత్తగా మడవడానికి రెండు గంటలు చాలు, ఆ రెండు గంటలూ ఉన్నాయి. గుండు ఒళ్ళో పెట్టుకుని అతను అలాగే కూర్చున్నాడు.

పేల్చారు. కుడి రెక్క టక్కున విచ్చుకుంది. ఎడమది సగంలో ఆగిపోయింది. తెర మీద ఆకాశం, నేల, మళ్ళీ ఆకాశం గిర్రున తిరిగాయి, తర్వాత గడ్డి కనిపించింది. పెద్దలు వాచీలు చూసుకుని కార్లెక్కారు.

బావమరిది పరుగున వెళ్ళి సీలున్న గుండు సగం ఏరుకొచ్చి తేదీ చూశాడు.

"ఇది ఆ సోమవారం మడిచిందా, బావా?"

"ఊఁ."

"తెలిసే ఇచ్చావా?"

"తెలిసే ఇచ్చాను."

"పన్నెండు మంది పొట్ట కొట్టావు కదా! రెండు గంటలు చేతిలో పెట్టుకుని ఏం చేశావు?"

"అది మీ అక్క ఉన్నప్పుడు మడిచింది రా. విప్పబుద్ధి కాలేదు."

తిట్టబోయిన బావమరిది గడ్డిలో కూలబడి భోరుమన్నాడు. మాస్టారు పక్కన కూర్చుని వాడి వీపు నిమిరాడు. నిమురుతూ, తనకీ ఏడుపొస్తుందేమోనని చాలాసేపు చూశాడు. రాలేదు.