ఏడో గడిలో గంగారెడ్డి

2024 యాసంగి, అంటే ఎండాకాలం పంట రోజులు. మార్చిలోనే ఎండలు ముదిరాయి. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే దారిలో రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో సర్వే చేస్తున్నాను. నేను ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌ని, అంటే ఇల్లిల్లూ తిరిగి జనం అభిప్రాయాలు ట్యాబ్‌లో ఎక్కించే మనిషిని. పన్నెండేళ్లుగా తిరుగుతున్నాను కాబట్టి, ముఖం చూస్తే జవాబు చెప్పేయగలనని కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ సర్వేలో ఒక స్కేల్ ఉంది. వరసగా ఏడు గడులు. ఒకటంటే లిబరల్, ఏడంటే కన్జర్వేటివ్. ఎవరు ఎక్కడుంటారో వాళ్లే చెప్పాలి. లిబరల్ మనిషి స్వేచ్ఛకు పెద్దపీట వేస్తాడని, కన్జర్వేటివ్ తరాలుగా నిలిచిన కట్టుబాటును తొందరపడి వదులుకోడని శిక్షణలో చెప్పారు. నా బుర్రలో మాత్రం మొదటివాడు మంచివాడు, రెండోవాడు మొండివాడు.

గంగారెడ్డి గారికి డెబ్బై దాటాయి. చెరువు తూము పక్కనే మూడెకరాల వరి. పెళ్లిళ్లు పెద్దలే కుదర్చాలన్నారు, పాత పద్ధతులు పోతే ఊరు పాడవుతుందన్నారు. ఇంకేం, స్కేల్ ప్రశ్న అడగకుండానే ఏడో గడి నొక్కేశాను. మా పనిలో ఇది పెద్ద తప్పు. బ్యాక్‌చెక్‌లో, అంటే పైవాళ్లు వచ్చి మళ్లీ అడిగి సరిచూసుకునేటప్పుడు దొరికితే ఉద్యోగం ఊడుతుంది. పక్కనే కూర్చున్న ఆయన కొడుకు శ్రీకాంత్ నవ్వి, "నాకు ఒకటి పెట్టుండ్రి మేడం. ఎవలిష్టం వాళ్లది" అన్నాడు.

అంతలో ఖాజాబీ వచ్చి వాకిట్లో నిలబడింది. భర్త పోయాక ఆమె, ఇద్దరు ఆడపిల్లలు చెరువు కాలువ చివరనున్న అరెకరం మీదే బతుకుతున్నారు.

"పటేలా, నా మడి నెర్రెలిచ్చింది. ఇంక నాలుగు దినాలైతే వరి ఎండిపోతది" అంది. 

"చెర్వుల నీళ్లే తక్కువున్నయి, మేమేం చేస్తం?" అన్నాడు శ్రీకాంత్. "మా వరి పొట్టకొచ్చింది. ఇప్పుడు నీళ్లాపితే మా పంట పోతది. మా పొలం, మా ఇష్టం."

గంగారెడ్డి గారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "నీళ్లు తక్కువైన ఏడు ముందుగాల చివరి మడి తడవాలె. గది తాతలనాటి కట్టుబాటు. నా ఇష్టమేంది, నీ ఇష్టమేంది?"

పార తీసుకుని నడిచారు. మేమంతా వెంట వెళ్లాం. తన పొలానికి పారే పిల్లకాలువకు ఆయనే మట్టి ఎత్తిపోసి కట్ట వేశారు. నీళ్లు పక్కకు తిరిగి ఖాజాబీ మడి వైపు సాగాయి. ఆ వయసులో, ఎవరూ బలవంతం చేయకుండా, కళ్లెదుట పచ్చగా ఉన్న సొంత పంటకు నీళ్లు ఆపుకున్నారు.

"రేపు రైతులందర్ని పిలుస్త. అందరు గిట్లనే ఆపాలె" అన్నారు ఖాజాబీతో. "నీ మాట నేను చెప్త. ఆడమనిషివి, నువ్వు ఇంటికాడనే ఉండు."

అక్కడ శ్రీకాంత్ అడ్డం తిరిగాడు. "గదెట్ల బాపూ? పట్టా ఆమె పేరు మీదున్నది. నీళ్లిచ్చుడు నాకిష్టం లేదు గని, అడిగే హక్కు ఆమెది. ఆమెనే వచ్చి మాట్లాడ్తది."

పెద్దాయన పారకంటిన మట్టి దులిపారు. "రమ్మను మరి" అన్నారు.

తిరిగొచ్చాక నా తప్పు ఒప్పుకుని, గడుల అర్థం విడమరిచి చెప్పి, పెద్దాయన్ని మళ్లీ అడిగాను. "ఏడే పెట్టు బిడ్డా" అన్నారు.

ఏప్రిల్‌లో అటు వెళ్లినప్పుడు చూస్తే ఖాజాబీ వరి కోతకొచ్చింది. గంగారెడ్డి గారి పొలం ఎకరన్నర ఎండిపోతే మేతకు పశువులను తోలారు. రైతుల మీటింగ్‌లో ఖాజాబీ అందరి ముందు నిలబడి ఎలా మాట్లాడిందో శ్రీకాంత్ గొప్పగా చెప్పాడు. గడి చూస్తే మనిషి దేన్ని కాపాడాలనుకుంటున్నాడో తెలుస్తుంది. ఆ కాపాడేది ఎవరి సొమ్ముతోనో తెలియదు. అది తెలిసేదాకా ఎవరి గురించీ తీర్పు చెప్పకూడదని నాకు ఆ ఊరే నేర్పింది.

"బాధ లేదా బాపూ?" అని గంగారెడ్డి గారిని అడిగాను, ఎండిన మడి గట్టు మీద.

"ఎందుకుండదు బిడ్డా? పాతది నిలవెట్టాలంటే ఊకె చెప్తే అయితదా? ముందుగాల మనమే నష్టపోవాలె."