ముళ్లతోక బల్లి ఇల్లు మారిన రోజు

ఎక్కడ బొరియ కనిపించినా మోకాళ్ల మీద వంగి లోపలికి తొంగిచూడటం మా బయాలజీ మేడమ్‌కి అలవాటు. వర్షారణ్యాల్లో పరిశోధనలు చేసి, కాలేజీల్లో పాఠాలు చెప్పి, చివరికి వాన జాడలేని ఖతార్ చేరారు. నేను ఆమె డ్రైవర్ని. బల్లిని చూస్తే బండి వదిలి పారిపోయే రకం.

వరల్డ్ కప్ కోసం అల్ తుమామా వైపు రోడ్లు వేస్తున్న రోజులవి. తవ్వకాల దారిలో ఉన్న జంతువుల్ని వేరేచోటికి చేర్చడం ఆమె పని. ఒక ఉదయం జేసీబీ ముందున్న బొరియలో ఆమెకు ముళ్లతోక కనిపించింది. మూరెడు పొడవుండే ఎడారి బల్లి అది.

"మధ్యాహ్నం వరకు తవ్వుడు షురు చెయ్యాలె మేడమ్. యల్లా, జరుగుండ్రి," అన్నాడు మా కరీంనగర్ ఫోర్‌మన్.

"లోపలావిడ బయటికొచ్చేదాకా నేను లేవనండీ," అంటూ ఆమె అక్కడే బాసింపట్టు వేసుక్కూర్చున్నారు.

ఎండెక్కాక బల్లి బయటికొచ్చింది. ఆమె ఒడుపుగా పట్టి పెట్టెలో పెట్టారు. కుదుపులకు బెదరకుండా ఎవరైనా దాన్ని ఒళ్లో పెట్టుకోవాలట. అలా ఆ రోజు బండి ఆమె పట్టారు, బల్లిని నేను పట్టాను, నన్ను వణుకు పట్టింది.

దూరంగా, ముందే తవ్వించిన బొరియ దగ్గర వదలగానే అది చటుక్కున దూరిపోయింది.

"చూశారా, కొత్తిల్లు నచ్చేసింది!" అన్నారు మేడమ్.

"నచ్చకుంటే ఎవలికి చెప్తది మేడమ్? మమ్ముల బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపుకు తెచ్చినప్పుడు మేం గూడ గిట్లనే సప్పుడు చెయ్యక దూరినం," అన్నాను నేను.

ఆమె పకపకా నవ్వి, నా వైపు తిరిగి అడిగారు: "మరి మీకు నచ్చిందా?"

ఆ మాట నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. ఏసీ మోత దగ్గర మొదలుపెట్టి పప్పులో ఉప్పు దాకా అన్నీ చెప్పేశాను. అన్నేళ్లు పాఠాలు చెప్పిన మనిషి, ఖాళీ పెట్టె మీద కూర్చుని, మొదటి బెంచీ విద్యార్థిలా విన్నారు.