ఖాలమ్మ కొలంబైన్ మొగ్గలు

మా అత్తమ్మ లెక్కలో పూలు రెండే జాతులు. జడలో పెట్టుకునేవి, దేవుడికి పెట్టేవి. ఈ రెంటికీ పనికిరాని మొక్కకు నీళ్ళు పోయడమంటే బూడిదలో పన్నీరు పోయడమే. అలాంటి ఇంట్లో, బన్సీలాల్‌పేటలో, నిజాం రాజ్యం చివరి రోజుల్లో మేం కొలంబైన్ అనే దొరల పువ్వును పెంచాం. పెంచడమంటే మామూలు పెంపకమా, చంటిపిల్లను సాకినట్టు సాకాం.

మేం అంటే నేనూ, ఖాలమ్మా. నేను కాపురానికొచ్చి ఏడాది కూడా కాలేదు. తల్లి లేనిదాన్ని. అత్తమ్మ మనసు మంచిదే, కానీ మంచిమాట ఆవిడ నోరు దాటి బయటికొచ్చేది కాదు. కూర కుదిరితే కిక్కురుమనేది కాదు, కుదరకపోతే పది అనేది. ఖాలమ్మ పక్క వాటాలో ఉండేది. ఉర్దూలో ఖాలా అంటే పిన్ని, ఆ ముసల్మాను పిన్నిని వాడంతా ఖాలమ్మ అనేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. కుట్టుమిషను పెట్టుకుని కంటోన్మెంటు బంగళాల్లోని దొరసానులకు గౌన్లు కుట్టేది. మాతో తెలుగే, కోపమొస్తే మాత్రం ఉర్దూ. నా జడ వేసేది, కాజాలు కుట్టడం నేర్పేది. అత్తమ్మ మాటలకు నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఆమె నోరే అంత, కడుపులో ఏమీ ఉండదని సర్ది చెప్పేది. ఆ ఇల్లు నాకు ఇల్లనిపించిందంటే ఖాలమ్మ వల్లే.

తెల్లవాళ్ళు సామాన్లు సర్దుకుని పోతున్న రోజులవి. ఒక దొరసాని వెళ్తూ వెళ్తూ ఖాలమ్మ చేతిలో ఒక పొట్లం పెట్టింది. విప్పితే నువ్వులకన్నా చిన్నవి, నల్లగా మెరిసే గింజలు. వీటికి చలి తగలాలి, పైన మట్టి కప్పకూడదు, పూలు రెండో ఏడు గానీ రావు అని చెప్పిందట. రెండో ఏడు అన్నమాట విని అత్తమ్మ నవ్వింది. రెండేళ్ళలో మనిషే ఉంటాడో పోతాడో, పువ్వు కోసం ఎవడు కూర్చుంటాడంది.

రెండు వాటాలకూ వెనక ఒకటే పెరడు. గోడ వెంబడి ఇటుకలు ఏటవాలుగా పాతి మడి కట్టాం. కొన్ని గింజలు మడిలో, కొన్ని కుండీల్లో, మట్టి మీద చల్లి వదిలేశాం. తెల్లారి చూస్తే మడి మీదా కుండీల మీదా బెత్తెడు మందాన పెంటఎరువు. అత్తమ్మ పనే. రైతుల ఇంటి ఆడపడుచు, విత్తనం అలా కళ్ళెదుట పడివుంటే ప్రాణం ఒప్పలేదు. గింజను కప్పకుండా వదిలేయడమంటే పిల్లను దుప్పటి లేకుండా పడుకోబెట్టడమేనట. ఒక్క మొలకైనా వస్తే ఒట్టు.

పొట్లంలో సగం దాచిపెట్టడం ఖాలమ్మ తెలివి. ఈసారి చలి సంగతి కూడా చూద్దామంది. లష్కర్‌లో, అదే మా సికింద్రాబాదులో, చలెంత, పల్చటి దుప్పటికి పోయేంత. అందుకని రెజిమెంటల్ బజారుకు పోయి ఐసుగడ్డ తెచ్చేవాళ్ళం. ఊకలో కప్పి అమ్మే ఆ ఐసాయన, ఇంట్లో పెళ్ళా, షర్బతుకా అని అడిగాడు. విత్తనాలకని ఖాలమ్మ చెప్పగానే నా వైపు జాలిగా చూశాడు. గింజల్ని తడి ఇసుకలో కలిపి ముంతలో పోసి, ఆ ముంతను ఐసు నింపిన కుండలో పెట్టేవాళ్ళం. విత్తనాలకు జ్వరమొచ్చింది, ఖాలమ్మ వైద్యం చేస్తోంది అని అత్తమ్మ వాడంతా చాటింది. దాంతో పిల్లలు మూగారు. మిగిలిన ఐసు ముక్కలు వాళ్ళ పాలు.

మరి జ్వరం తగ్గిందో ఏమో, మడిలోనూ కుండీల్లోనూ మళ్ళీ చల్లితే ఈసారి మొలకలొచ్చాయి. ఆకులు అచ్చం కొత్తిమీరే. అత్తమ్మ ఒక రెమ్మ గిల్లి నలిపి వాసన చూసి పారేసింది. వాసన లేదు, రుచి లేదు, పూత లేదు, ఇది మొక్క కాదు, కూర్చుని తినే చుట్టం అంది. ఆ మొదటి ఏడు నిజంగానే ఆకులు తప్ప ఏమీ రాలేదు. ఎండాకాలం వచ్చేసరికి కుండీల్ని జామచెట్టు నీడకు లాక్కెళ్ళాం, మడిలోవాటికి తడి గోనెపట్టాలు కట్టాం. మేం ఇంత నెత్తిన పెట్టుకున్నా కుండీలవే ఎక్కువ మాడిపోయాయి. మడిలోవి వేరు లోతుకు దించుకుని నిలబడ్డాయి.

వానాకాలం పోతూ పోతూ పోలీస్ యాక్షన్ వచ్చింది. అంతకుముందు రజాకార్ల భయానికి మేం తలుపులేసుకుంటే, ఖాలమ్మ మా గడపలో కుర్చీ వేసుకుని కుట్టుపని చేసుకుంటూ కూర్చునేది. మిలిటరీ వచ్చిన రోజుల్లో అత్తమ్మ ఖాలమ్మ ఇంటికి తాళంవేసి తాళంచెవి తన బొడ్లో దోపుకుంది. రమ్మనలేదు. తాళం వేసింది, అంతే. ఖాలమ్మ మా ఇంట్లోనే ఉంది, ఒకే పొయ్యి మీద వంట, ఒకే కంచుడు పప్పు. మా వాడలో ఎవరికీ ఏమీ కాలేదు. కానీ జిల్లాల్లో ముసల్మానుల గురించి వచ్చే మాటలు మంచివి కావు. ఖాలమ్మ మిషను చప్పుడు తగ్గిపోయింది. బజారుకు పోవాలంటే నన్ను వెంట రమ్మనేది.

ఖాలమ్మ తమ్ముడు మూసీ అవతల ఉండేవాడు. కుటుంబంతో కరాచీ పోతున్నానని, అక్క ఒక్కతే ఉండి ఏం చేస్తుంది, తనూ రావాలని పట్టుబట్టాడు. ఖాలమ్మ కొన్నాళ్ళు నాన్చి, చివరికి ఒప్పుకుంది. పూలు చూసి వస్తానని మాత్రం మాట తీసుకుంది. చలికాలం వెళ్ళేదాకా ఆగుతానన్నాడు తమ్ముడు.

ఖాలమ్మ పోతోందని విని మళ్ళీ తల్లి పోయినట్టే ఏడ్చాను. అత్తమ్మ మాత్రం, పోయేవాళ్ళను పట్టుకుని ఆపుతామా, వాళ్ళవాళ్ళ దగ్గర ఉండడమే మంచిదని పళ్ళెంలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. ఆ రోజు ఆవిడ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

ఖాలమ్మ గులాబీల్నీ మల్లెల్నీ తవ్వి కుండీల్లో పెట్టి ఇంటింటికీ పంచింది. కొలంబైన్ ఒకదాన్ని కూడా తవ్వబోతే వేరు సగంలో తెగింది, మొక్క సాయంత్రానికే వాడిపోయింది. మిగతావి ముట్టుకోలేదు.

సంక్రాంతి దాటాక మొగ్గలు తొడిగాయి. సన్నటి కాడ చివర తల వంచుకుని, వెనక చిన్న కొక్కేల్లాంటి తోకలతో. నేనూ ఖాలమ్మా ఉరికి ఉరికి చూసుకున్నాం. మర్నాడు చూస్తే అవి లేవు. ఇంకో కాడకు వచ్చాయి, అవీ లేవు. పిచ్చుకలేమోనని దారాలు కట్టాం. పురుగేమోనని పొగాకు నీళ్ళు చల్లాం. మొగ్గలు రావడం, మాయమవడం. తమ్ముడు కబురు పంపుతూనే ఉన్నాడు, పూసిందా అని. ఇంకా లేదని ఖాలమ్మ జవాబు పంపుతూనే ఉంది.

ఒకనాడు తెల్లవారగానే నీళ్ళు తోడుకుందామని పెరట్లోకి వెళ్ళాను. మడి ముందు అత్తమ్మ గొంతుక్కూర్చుని ఉంది. కొంగులో మొగ్గలు. నన్ను చూసి ఉలిక్కిపడలేదు, ఎదురు నన్నే కసిరింది. మల్లెమొగ్గలు పొద్దుగూకక ముందే తెంపమా, ఇవీ అంతేనంది. మల్లెలైతే దండ గుచ్చుతావు, వీటినేం చేస్తావత్తమ్మా అన్నాను. ఆవిడ కొంగు బిగించి పట్టుకుంది. నాకప్పుడు వెలిగింది. పదిమందిలో దీన్ని చుట్టమని ఎక్కిరించిన మనిషి, చీకటి విడవకముందే లేచి పెరట్లో తచ్చాడుతోంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"పూస్తే పోతదంట గదా," అంది అత్తమ్మ, మడివైపే చూస్తూ.

వెనక చెంబు చప్పుడైంది. ఖాలమ్మ తన గడపలో నిలబడి ఉంది. అంతా విన్నది. అత్తమ్మ లేచి నిలబడింది. కొంగు జారి మొగ్గలన్నీ కాళ్ళ దగ్గర రాలాయి. ఎవ్వరికీ లొంగని మా అత్తమ్మ, తప్పు చేసి దొరికిన పిల్లలా కిందికి చూసింది.

ఖాలమ్మ దగ్గరికొచ్చింది. కోపమొచ్చిందేమో, ఉర్దూ షురూ అవుతుందేమో అనుకున్నాను. తెలుగులోనే అంది.

"గిన్ని దినాల సంది మొగ్గలు తెంపుతున్నవు. ఉండమని ఒక్క మాట అనరాదా అక్కా. నా తమ్ముడు రమ్మంటున్నడు, ఈడ ఉండమన్నోళ్ళు ఒక్కరు లేకపాయె. గందుకే పోతున్న."

అత్తమ్మ పెదవులు కదిలాయి. ఒక కూర బాగుందని కూడా ఎన్నడూ అనని నోరు అది, మాట అంత తేలికగా ఎట్లా వస్తుంది. నాకు భయం వేసింది, ఇప్పుడు కూడా అనదేమోనని.

"పోకు చెల్లె," అంది చివరికి.

ఖాలమ్మ చెంబు కింద పెట్టి, కొంగుతో ముఖమంతా తుడుచుకుంది.

"పోను. గని ఇగ మొగ్గలు ముట్టకు."

"ముట్టను," అంది అత్తమ్మ.